66 పైసల పచ్చదనం

కాస్త ఎక్కువ చెల్లిస్తే సౌర, పవన విద్యుత్తే ఇస్తామంటున్నాయి పంపిణీ సంస్థలు. ఆ అదనపు సొమ్ముతో కొత్తగా ఒక్క యూనిట్ అయినా పుడుతోందా అన్నదే అసలు ప్రశ్న

కరెంటు కోసం లాటరీ తీసిన ఊరు ఒకటుంది. కోతలకు పేరుపడ్డ ఏ వెనకబడిన దేశంలోనో కాదు, అమెరికాలోని టెక్సస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో. నగర పాలక సంస్థకు చెందిన ఆస్టిన్ ఎనర్జీ అమ్ముతున్న పవన విద్యుత్ కోసం 2006లో జనం పోటీపడ్డారు. సరుకు తక్కువ, గిరాకీ ఎక్కువ కావడంతో ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి లాటరీ తప్పలేదు.

ఆ పోటీకి పర్యావరణ ప్రేమ ఒక్కటే కారణం కాదు. 'గ్రీన్ ఛాయిస్' పేరుతో ఆ సంస్థ పెట్టిన పథకంలో ఓ మెలిక ఉంది. మామూలు వినియోగదారులు బిల్లులో ఇంధన సర్దుబాటు చార్జీ కడతారు. సహజ వాయువు ధర పెరిగితే అదీ పెరుగుతుంది. గ్రీన్ ఛాయిస్‌లో చేరినవారికి ఆ చార్జీ ఉండదు. దానికి బదులు గాలిమరల కరెంటుకు ఏళ్ల తరబడి మారని ధర ఒకటి ఉంటుంది. మొదటి విడతలో చేరినవారికి అది యూనిట్‌కు 1.7 సెంట్లు. అప్పటికి మామూలు ఇంధన చార్జీ కంటే కాస్త ఎక్కువే. కానీ తర్వాతి నాలుగైదేళ్లలో గ్యాస్ ధరలు మండిపోయాయి. మామూలు బిల్లు కట్టేవాళ్లు చేతులు కాల్చుకుంటుంటే, పుణ్యానికని ఎక్కువ కట్టినవాళ్లు లాభపడ్డారు. దాంతో అందరికీ గాలి మీద మనసు మళ్లింది.

మూడేళ్లు తిరక్కుండానే కథ అడ్డం తిరిగింది. 2009లో గ్యాస్ చౌకైంది. పవన విద్యుత్ కొత్త విడతకు ఆస్టిన్ ఎనర్జీ యూనిట్‌కు 9.5 సెంట్లు ధర పెట్టింది. కొనేవాళ్లు దాదాపు కరువయ్యారు. చివరికి ధర తగ్గించక తప్పలేదు. ఊరు అదే, జనం అదే, గాలీ అదే. మారింది లెక్క మాత్రమే.

అచ్చంగా ఇలాంటి లెక్కే ఇప్పుడు భారతీయ వినియోగదారుల ముందుకు వచ్చింది. ముంబైలో, బెంగళూరులో, హైదరాబాద్‌లో విద్యుత్ పంపిణీ సంస్థలు 'గ్రీన్ టారిఫ్' పేరుతో ఓ వెసులుబాటు ఇస్తున్నాయి. మామూలు చార్జీపై యూనిట్‌కు కొంత అదనంగా కట్టండి, మీరు వాడే కరెంటును సౌర, పవన, జల విద్యుత్ కింద లెక్కగట్టి ధ్రువపత్రం ఇస్తాం అన్నది సారాంశం. చేరడమూ మానడమూ వినియోగదారు ఇష్టం. బలవంతం లేదు.

మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2021 మార్చిలో ఇందుకు యూనిట్‌కు 66 పైసల అదనపు చార్జీ ఖరారు చేసింది. ముంబైలో టాటా పవర్, అదానీ ఎలక్ట్రిసిటీ సంస్థలు దీన్ని కంపెనీలకే కాక గృహ వినియోగదారులకూ ప్రచారం చేశాయి. తెలంగాణ మండలి 2022-23 టారిఫ్ ఉత్తర్వులో ఆ 66 పైసల అంకెనే ఎంచుకుంది. కర్ణాటక మండలి అంతకు చాలా ముందే హైటెన్షన్ పరిశ్రమలకు, వాణిజ్య సంస్థలకు యూనిట్‌కు 50 పైసల చొప్పున ఐచ్ఛిక గ్రీన్ టారిఫ్ తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ టారిఫ్ పట్టికలోనూ 'గ్రీన్ పవర్' అనే గడి ఒకటి చేరి, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కొనసాగింది. పర్యావరణానికి మద్దతు తెలపదలచినవారు స్వచ్ఛందంగా ఎంచుకోవచ్చని అందులో రాశారు. ఆ గడి ఉందని కూడా ఎరగకుండానే నెలనెలా బిల్లు కట్టిన ఇళ్లే ఎక్కువ.

66 పైసలంటే పెద్ద మొత్తమేమీ కాదు. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి అదనంగా పడేది రూ.132. ఏడాదికి రూ.1,584. నెలకు లక్ష యూనిట్లు వాడే కార్యాలయానికి నెలకు రూ.66,000. మన గ్రిడ్‌లో సగటున ఒక్కో యూనిట్ వెనక సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోంది. ఆ లెక్కన 200 యూనిట్ల ఇల్లు నెలకు 140 కిలోల కాలుష్యాన్ని రూ.132తో కడిగేసుకున్నట్టు. నిజంగా కడిగేసుకున్నట్టేనా?

పాల కేంద్రం లెక్క

ముందుగా ఒక అపోహ పోవాలి. గ్రీన్ టారిఫ్ ఎంచుకున్న ఇంటికి వేరే తీగ రాదు. అనంతపురం గాలిమరల కరెంటు నేరుగా ఆ ఇంటి ఫ్యానును తిప్పదు. గ్రిడ్ అంటే ఊళ్లో పాల కేంద్రం లాంటిది. పొద్దున్నే పాడిరైతులంతా తెచ్చిన పాలు ఒకే క్యాన్‌లో పడతాయి. ఎవరి గేదె పాలు ఎవరి గ్లాసులోకి వెళ్లాయో చెప్పడం ఎవరి తరమూ కాదు. చెప్పగలిగింది ఒక్కటే, ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఎవరు ఎన్ని లీటర్లు కొన్నారు అన్న పద్దు. విద్యుత్తులోనూ అంతే. రామగుండం బొగ్గు కరెంటు, శ్రీశైలం నీటి కరెంటు, కర్నూలు జిల్లా సౌర పార్కు కరెంటు ఒకే తీగలో కలిసి పారతాయి. గ్రీన్ టారిఫ్ అంటే ఆ పద్దులో హరిత యూనిట్లను మీ పేరున రాయడం.

పద్దు పద్ధతి తప్పేమీ కాదు. ప్రపంచమంతా నడుస్తున్నది దానిమీదే. అయితే పద్దు రాసేవాడు నిజాయితీగా రాయాలి. ఒకే యూనిట్‌ను ఇద్దరి పేర రాయకూడదు. కొనేవాడు కట్టిన అదనపు సొమ్ము వల్ల పాల కేంద్రానికి ఒక కొత్త గేదె రావాలి. రాకపోతే ఉన్న పాలనే కొత్త పేరుతో అమ్మినట్టు.

మన దేశంలో గ్రీన్ టారిఫ్‌కు ఎదురవుతున్న అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అందరి వాటా ఒకరికి

విద్యుత్ పంపిణీ సంస్థలు తాము సరఫరా చేసే కరెంటులో కొంత శాతం పునరుత్పాదక వనరుల నుంచి కొనితీరాలని చట్టం చెబుతోంది. కేంద్రం 2023 అక్టోబరులో జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం ఈ వాటా 2024-25లో 29.91 శాతం. అది ఏటా పెరుగుతూ 2029-30 నాటికి 43.33 శాతానికి చేరాలి. ఈ కొనుగోలు స్వచ్ఛందం కాదు, విధి. ఏ వినియోగదారూ అదనంగా పైసా కట్టకపోయినా డిస్కం అంత హరిత విద్యుత్ కొనాల్సిందే.

ఒక చిన్న లెక్క చూద్దాం. డిస్కం 100 యూనిట్లు సరఫరా చేస్తుంది. అందులో చట్టం కోసం 30 యూనిట్లు హరిత విద్యుత్ కొంది. ఆ ఊళ్లో ఒక కంపెనీ 10 యూనిట్లు వాడుతుంది. అందరితో పాటు ఆ కంపెనీకీ సహజంగా వచ్చే హరిత వాటా 3 యూనిట్లు. కంపెనీ గ్రీన్ టారిఫ్ కట్టి, తన 10 యూనిట్లూ హరితమే కావాలంది. డిస్కం తన దగ్గరున్న 30లోంచి 10 తీసి ఆ కంపెనీ పేరున రాసింది. కొత్తగా ఒక్క సౌర ఫలకం కూడా రాలేదు. బొగ్గు ఒక్క కిలో కూడా తగ్గలేదు. మారిందల్లా మిగతా వినియోగదారుల వాటా. వాళ్ల 90 యూనిట్లకు ఇక మిగిలింది 20 హరిత యూనిట్లే. 30 శాతం పచ్చగా ఉన్నవారు తమకు తెలియకుండానే 22 శాతానికి పడిపోయారు. అదీ కాగితం మీదే.

ఇది ఊహాజనితమైన భయం కాదు. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జూన్ 6న తెచ్చిన గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్ నియమాల్లో ఒక వాక్యం ఉంది. వినియోగదారు తన చట్టబద్ధ బాధ్యతకు మించి కొన్న హరిత విద్యుత్తును పంపిణీ సంస్థ బాధ్యత కింద లెక్కగట్టవచ్చన్నది దాని భావం. అంటే ఎవరో మంచి మనసుతో ఎక్కువ సొమ్ము పెట్టి కొన్న యూనిట్ డిస్కం విధిని తేలిక చేస్తుంది. ఒకరు కట్టిన స్వచ్ఛంద చందా మరొకరి పన్ను బాకీలో జమ పడ్డట్టు.

డిస్కంల వైపు వాదన కూడా కొట్టిపారేయదగింది కాదు. గ్రీన్ టారిఫ్ అడిగేవాళ్లు కొద్దిమందే ఉన్నప్పుడు ఉన్న నిల్వతో సరిపెట్టవచ్చు. అడిగేవాళ్లు పెరిగితే చట్టబద్ధ వాటా చాలదు, కొత్త ఒప్పందాలు చేసుకోక తప్పదు. గిరాకీ కనిపిస్తేనే పెట్టుబడి వస్తుంది. సూర్యుడు అస్తమించాక, గాలి నిలిచాక గ్రిడ్‌ను నిలబెట్టే ఖర్చు కూడా ఎవరో ఒకరు భరించాలి. ఈ మాటల్లో నిజముంది. కానీ అవి నిజం కావాలంటే ఆ 66 పైసలు ఎక్కడికి వెళ్తున్నాయో కనిపించాలి. ఆ సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి కొత్త ప్లాంటుకే వెచ్చించాలన్న షరతు కేంద్ర నియమాల్లో లేదు.

ధర తగ్గినా అదనమెందుకు?

మామూలు పాఠకుడికి వచ్చే మరో సందేహం మరింత సూటిది. సౌర విద్యుత్ చౌక అయిందని రోజూ చదువుతున్నాం. మరి దానికి అదనంగా ఎందుకు కట్టాలి?

అంకెలు చూస్తే సందేహం సబబే అనిపిస్తుంది. 2010లో జాతీయ సౌర మిషన్ తొలి వేలంలో సగటు ధర యూనిట్‌కు రూ.12 పైన పలికింది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా పార్కు వేలంలో అది రూ.2.44కు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో రూ.1.99 పలికి రికార్డు సృష్టించింది. కొత్త బొగ్గు ప్లాంటు కరెంటు కంటే ఇది తక్కువ.

కానీ డిస్కం చేతిలో ఉన్నది నిన్నటి వేలం కరెంటు ఒక్కటే కాదు. పాతికేళ్లకు కుదుర్చుకున్న పాత ఒప్పందాలూ ఉన్నాయి. కేంద్ర నియమాల ప్రకారం గ్రీన్ టారిఫ్‌లో మూడు భాగాలుంటాయి. డిస్కం కొన్న పునరుత్పాదక విద్యుత్ సగటు ధర ఒకటి, క్రాస్ సబ్సిడీ ఉంటే అది రెండోది, సేవా ఖర్చు మూడోది. పాత ఖరీదైన యూనిట్లు సగటును పైకి లాగుతాయి.

ఆ పాత ఒప్పందాలు ఎంత రాజకీయమో ఆంధ్రప్రదేశ్‌కు తెలిసినంతగా మరే రాష్ట్రానికీ తెలియదు. 2019 మధ్యలో అధికారంలోకి వచ్చిన వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి ప్రభుత్వం, గత హయాంలో పవన, సౌర విద్యుత్తుకు ఎక్కువ ధర కట్టబెట్టారంటూ సంప్రదింపుల కమిటీ వేసింది. వివాదం హైకోర్టుకెక్కింది. తుది నిర్ణయం వెలువడే దాకా పవన విద్యుత్తుకు రూ.2.43, సౌర విద్యుత్తుకు రూ.2.44 చొప్పున చెల్లించాలని 2019 సెప్టెంబరులో మధ్యంతర ఆదేశాలు వచ్చాయి. 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఒప్పంద ధరలే చెల్లించాలని తీర్పు చెప్పింది. ఈ లోగా ఉత్పత్తి సంస్థల బకాయిలు పేరుకుపోయాయి, బ్యాంకులు కలవరపడ్డాయి.

ఈ ఉదంతంలో గ్రీన్ టారిఫ్‌కు సంబంధించిన పాఠం ఒకటుంది. ముందుగా ఖరీదైన హరిత విద్యుత్ కొన్న రాష్ట్రాలు దేశం కోసం ధర తగ్గించే దారి వేశాయి. ఆ భారం మాత్రం వాటి వినియోగదారుల మీదే మిగిలింది. స్వచ్ఛందంగా కట్టగలిగినవారు ఆ భారంలో కొంత పంచుకుంటే అన్యాయమేమీ కాదు. అయితే 'పాత బాకీ తీర్చడానికి సాయపడండి' అని చెప్పి తీసుకోవడం వేరు, 'కొత్త సూర్యుణ్ని తెస్తున్నాం' అని చెప్పి తీసుకోవడం వేరు.

పెద్ద ఖాతాదారులకు పగ్గం

డిస్కంలు గ్రీన్ టారిఫ్‌పై మక్కువ చూపడానికి పర్యావరణాన్ని మించిన కారణం మరొకటి ఉంది. దాని పేరు క్రాస్ సబ్సిడీ.

రైతుకు ఉచిత విద్యుత్ 2004 నుంచి తెలుగు నేల మీద తిరుగులేని రాజకీయ వాగ్దానం. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి దాన్ని 24 గంటలకు పెంచింది. పేద ఇళ్లకు తక్కువ శ్లాబులున్నాయి. ఈ ఖర్చులో కొంత ప్రభుత్వం సబ్సిడీగా ఇస్తే, మరికొంత ఎక్కువ చార్జీ కట్టే పరిశ్రమలు, వాణిజ్య సంస్థల నుంచి వస్తుంది. మాల్, ఐటీ పార్కు, ఫార్మా కంపెనీ, సిమెంటు ఫ్యాక్టరీ అన్నీ డిస్కంకు బంగారు బాతులే.

ఆ బాతులు ఇప్పుడు ఎగిరిపోయే అవకాశం వచ్చింది. 2022 నియమాలు హరిత విద్యుత్తును నేరుగా ఉత్పత్తిదారు నుంచి కొనుక్కునే పరిమితిని ఒక మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకు దించాయి. ఓ మోస్తరు ఆసుపత్రి, హోటల్ కూడా డిస్కంను దాటి కరెంటు తెచ్చుకోవచ్చు. కంపెనీలకు ఒత్తిడీ పెరిగింది. తమ కరెంటంతా పునరుత్పాదకమే అని ప్రకటించే ఆర్‌ఈ100 కూటమిలో మన దేశం నుంచి ఇన్ఫోసిస్ 2015లోనే తొలి సభ్యురాలైంది. మార్కెట్ విలువ పరంగా తొలి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ, సామాజిక వివరాలు వెల్లడించాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. విదేశీ కొనుగోలుదారులు కూడా కర్బన లెక్క అడుగుతున్నారు. అలాంటి కంపెనీకి నెల తిరిగేసరికి కావాల్సింది ఒక ధ్రువపత్రం. డిస్కం ఇవ్వకపోతే మరొకరిస్తారు.

గ్రీన్ టారిఫ్ అందుకే ఆ పెద్ద ఖాతాదారులను గూట్లోనే ఉంచే పగ్గం. విమానాశ్రయాలే ఉదాహరణ. శంషాబాద్ విమానాశ్రయం 2023లో తాము పూర్తిగా హరిత విద్యుత్తుకు మారినట్టు ప్రకటించింది. ఆవరణలోనే 10 మెగావాట్ల సౌర కేంద్రం ఉంది, మిగతా కరెంటును తెలంగాణ దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ హరిత విద్యుత్ కింద సరఫరా చేస్తోందన్నది ఆ ప్రకటన సారాంశం. విమానాశ్రయానికి పేరు వచ్చింది. డిస్కంకు ఖాతాదారు మిగిలాడు. రైతు పంపుసెట్‌కు వెళ్లే క్రాస్ సబ్సిడీకి గండి పడలేదు. ఇది చిన్న విషయమేమీ కాదు. ధనిక వినియోగదారులంతా తలా ఒక సౌర క్షేత్రం చూసుకుని వెళ్లిపోతే, డిస్కం వద్ద మిగిలేది రైతులు, పేదలు, అప్పులే.

సముద్రాల అవతలి పాఠాలు

ఈ ప్రయోగాలు మనకు కొత్త కావచ్చు, ప్రపంచానికి మూడు దశాబ్దాల పాతవి. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నగర విద్యుత్ సంస్థ 1993లోనే తన ఖాతాదారుల ఇళ్ల కప్పుల మీద సౌర ఫలకాలు పెట్టింది. ఫలకాలు సంస్థవే, కరెంటూ గ్రిడ్‌కే. కప్పు ఇచ్చినవాళ్లు డబ్బు తీసుకోకపోగా నెలకు నాలుగు డాలర్లు ఎదురు కట్టారు. మిషిగన్ రాష్ట్రంలోని ట్రావర్స్ సిటీలో 1996లో ఊరివాళ్లు అదనపు చార్జీకి సంతకాలు చేస్తే ఒక గాలిమర లేచింది. అదిగో మా డబ్బు అని వేలు పెట్టి చూపించుకోగలిగారు. 2000ల చివరికి అమెరికాలో 850 దాకా విద్యుత్ సంస్థలు ఇలాంటి పథకాలు పెట్టాయి. అయితే చేరినవారు సగటున ఒకటి రెండు శాతానికి మించలేదు.

చెడ్డ పేరు తెచ్చుకున్న పథకం కూడా అక్కడిదే. ఫ్లోరిడా పవర్ అండ్ లైట్ సంస్థ 2004లో 'సన్‌షైన్ ఎనర్జీ' పథకం తెచ్చింది. చేరినవాళ్లు నెలకు 9.75 డాలర్లు అదనంగా కట్టారు. దాదాపు 39,000 మంది చేరారు. రాష్ట్ర నియంత్రణ సంస్థ ఆడిట్ చేయించి చూస్తే వసూలైన సొమ్ములో సింహభాగం ప్రచారానికి, నిర్వహణకే ఖర్చయినట్టు తేలింది. 2008 జులైలో పథకాన్ని మూసేయించారు. సూర్యుడి పేరు చెప్పి వసూలు చేసిన డబ్బు కరపత్రాల పాలైంది. అయితే అక్కడ ఆడిట్ జరిగింది, వివరాలు బయటపడ్డాయి, పథకం ఆగింది. నియంత్రణ సంస్థ అంటే చేయాల్సింది అదే.

మంచి నమూనా ఆస్ట్రేలియాలో ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో 1997లో మొదలై దేశమంతా పాకిన 'గ్రీన్‌పవర్' పథకంలో ప్రభుత్వమే గుర్తింపు ఇస్తుంది. రెండు షరతులు దానికి ప్రాణం. 1997 తర్వాత కట్టిన ప్లాంట్ల కరెంటే చెల్లుతుంది, పాత జల విద్యుత్ కేంద్రాన్ని చూపించి డబ్బు తీసుకోవడం కుదరదు. వినియోగదారు స్వచ్ఛందంగా కొన్నది చట్టబద్ధ లక్ష్యానికి అదనంగానే ఉండాలి, అందులో కలపకూడదు. పైన చెప్పిన 30 యూనిట్ల లెక్కలో మనకు లేనిది సరిగ్గా ఈ రెండో షరతే.

జర్మనీలోని షోనౌ ఇంకో దారి చూపింది. నల్ల అడవుల అంచున ఉన్న ఆ చిన్న ఊళ్లో 1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత కొందరు తల్లిదండ్రులు అణు విద్యుత్ మాకొద్దన్నారు. పంపిణీ సంస్థ వినలేదు. పదేళ్లు పోరాడి, ఊళ్లో ఓటింగుల్లో గెలిచి, దేశమంతా చందాలు పోగేసి 1997లో ఊరి విద్యుత్ తీగలనే కొనేశారు. ఆ ఉద్యమంలో ముందున్న ఉర్సులా స్లాడెక్‌కు 2011లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం దక్కింది. ఆ సంస్థ బిల్లులో యూనిట్‌పై కొద్దిపాటి అదనపు సొమ్ము తీసుకుని, దాన్ని కొత్త చిన్న ప్లాంట్లకు ఇస్తుంది. డబ్బు ఎక్కడికి పోయిందో అడగనక్కర్లేదు.

రాత్రి పూట సూర్యుడు

పద్దు ఎంత నిజాయితీగా రాసినా ఒక ప్రశ్న మిగులుతుంది. వినియోగదారు రాత్రి తొమ్మిదింటికి ఏసీ వేస్తాడు. సౌర కేంద్రం మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటు ఇస్తుంది. ఏడాది మొత్తం మీద కూడితే రెండూ సరిపోతాయి, ధ్రువపత్రం వస్తుంది. కానీ రాత్రి తొమ్మిదింటికి ఆ ఏసీని నడిపింది ఎక్కువ పాళ్లు బొగ్గే. 2025 మధ్యలో దేశ స్థాపిత సామర్థ్యంలో సగం సౌర, పవన, జల విద్యుత్ వంటి శిలాజేతర వనరులదే అయింది. అయినా ఏడాదిలో ఉత్పత్తయ్యే కరెంటులో సుమారు మూడొంతులు బొగ్గు నుంచే వస్తున్న వైరుధ్యానికి ఒక కారణం ఇదే.

గూగుల్ వంటి సంస్థలు ఏడాది లెక్క కాదు, గంట గంటకూ లెక్క సరిపోవాలని 2020లో లక్ష్యం పెట్టుకున్నాయి. మన గ్రిడ్‌కు అది ఇంకా దూరం. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ చేపట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు ఆ దారిలో ఒక అడుగు. పగటి కరెంటుతో నీటిని ఎగువ జలాశయానికి ఎత్తి, గిరాకీ వేళ కిందికి వదిలి మళ్లీ కరెంటు తీయడం దాని పద్ధతి. 66 పైసలు ఇలాంటి నిల్వకు వెళ్తాయంటే ఆ చార్జీకి అర్థం ఉంటుంది. అప్పుడు దానికి రాత్రి పూట కూడా సమాధానం చెప్పవచ్చు.

అద్దె ఇంటివాడి దారి

సొంత ఇల్లూ, ఎండ పడే డాబా ఉన్నవారికి గ్రీన్ టారిఫ్ కంటే మంచి బేరం వేరే ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల ప్లాంటుకు కేంద్రం రూ.78,000 సబ్సిడీ ఇస్తోంది. డాబా మీద పెట్టిన ఫలకం కళ్లెదుట ఉంటుంది, బిల్లు తగ్గుతుంది, పద్దు గురించి అనుమానం అక్కర్లేదు. ఆస్ట్రేలియాలోనూ ఇంటి కప్పుల మీద సౌర ఫలకాలు పరుచుకున్న కొద్దీ గ్రీన్‌పవర్‌లో చేరే ఇళ్లు తగ్గాయి.

కానీ డాబా అందరికీ ఉండదు. అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తువాడికి, అద్దె ఇంటివాడికి, చుట్టూ ఎత్తయిన భవనాలున్న దుకాణదారుకు పర్యావరణం కోసం ఏదైనా చేయాలనుంటే మిగిలే దారి బిల్లులోని ఆ అదనపు గడి ఒక్కటే. వాళ్ల కోసమైనా అది నమ్మదగినదిగా ఉండాలి. కేంద్ర నియమాల ప్రకారం వినియోగదారు తన వాడకంలో 25 శాతం మొదలుకొని 100 శాతం దాకా హరిత విద్యుత్ కోరవచ్చు, కనీసం ఏడాది పాటు కొనసాగాలి. పరిమాణం, గడువు, ధ్రువపత్రం అన్నీ రాసి ఉన్నాయి. రాయాల్సింది ఇంకొక్కటే, ఆ కొనుగోలు డిస్కం విధిలో కలవదన్న మాట.

ఆ ఒక్క వాక్యం మార్చడానికి కొత్త టెక్నాలజీ అక్కర్లేదు, వేల కోట్లూ అక్కర్లేదు. టారిఫ్ ప్రతిపాదనలపై నియంత్రణ మండళ్లు ఏటా బహిరంగ విచారణ జరుపుతాయి. అక్కడికి రైతు సంఘాలు వస్తాయి, పరిశ్రమల ప్రతినిధులు వస్తారు, విశ్రాంత ఇంజనీర్లు వస్తారు. గ్రీన్ టారిఫ్ సొమ్ము ఎంత వసూలైంది, దేనికి ఖర్చు చేశారు అని అడిగే గొంతు మాత్రం అరుదు.

చేరే ముందు అడగాల్సినవి

- అదనపు చార్జీ యూనిట్‌కు ఎంత, అది ఎప్పటిదాకా మారదు? ఇంధన సర్దుబాటు చార్జీ నుంచి మినహాయింపు ఉందా?

- నా పేర రాసే యూనిట్లు ఏ ప్లాంటువి, అది ఎప్పుడు మొదలైంది?

- ఆ యూనిట్లను డిస్కం తన చట్టబద్ధ వాటా కింద కూడా చూపిస్తోందా?

- ధ్రువపత్రం నెలకా, ఏడాదికా? అదే యూనిట్‌పై పునరుత్పాదక ఇంధన సర్టిఫికెట్ వేరేగా అమ్ముడుపోలేదన్న హామీ ఉందా?

- వసూలైన సొమ్ము లెక్కలు టారిఫ్ ఉత్తర్వులో విడిగా కనిపిస్తాయా?

ఈ ఐదింటికీ సూటిగా జవాబు దొరికిన రోజున 66 పైసలు చవకే. అందాకా దాన్ని కట్టేవాడు కొంటున్నది కరెంటు కాదు, నమ్మకం. ఆస్టిన్‌లో జనం లాటరీకి ఎగబడింది గాలిని చూసి కాదు, ఏళ్ల తరబడి మాట మీద నిలబడ్డ ధరను చూసి. మన డిస్కంలు ముందుగా అమ్మాల్సింది ఆ మాటనే.